దూకకుండా ఆపిన సామ్ హార్డీ

ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్‌లో చెస్టర్‌ఫీల్డ్ అనే ఊరు ఉంది. మెలితిరిగి ఒక పక్కకు ఒరిగిన చర్చి శిఖరం వల్ల ఆ ఊరు లోకానికి తెలుసు. ఫుట్‌బాల్ అభిమానులు మాత్రం దానిని గోల్‌కీపర్లను కన్న ఊరిగా చెప్పుకుంటారు. 1966లో ఇంగ్లండ్ ప్రపంచ కప్ గెలిచినప్పుడు గోల్‌లో నిలబడిన గోర్డన్ బ్యాంక్స్ లీగ్ ఫుట్‌బాల్‌లో తొలి అడుగులు వేసింది చెస్టర్‌ఫీల్డ్ జట్టులోనే. 1971లో ఆర్సెనల్ లీగ్‌నూ, ఎఫ్‌ఏ కప్ అనే నాకౌట్ పోటీనీ కలిపి గెలిచినప్పుడు ఆ జట్టు గోల్‌కీపర్‌గా ఉన్న బాబ్ విల్సన్ పుట్టింది కూడా ఈ ఊళ్లోనే. 1980ల మొదట్లో అక్కడి ఆసుపత్రిలో మత్తుమందు వైద్యుడిగా చేరేనాటికి నాకు బ్యాంక్స్ పేరు తెలుసు, విల్సన్ పేరు తెలుసు. కానీ వాళ్లిద్దరికంటే చాలా ముందు అదే ఊరి నుంచి వెళ్లి, పదమూడేళ్ల పాటు ఇంగ్లండ్ జట్టు గోల్‌ను కాచిన సామ్ హార్డీ పేరు మాత్రం ఎన్నడూ వినలేదు.

ఆ పేరు నాకు చెప్పింది బొగ్గు గనుల్లో జీవితమంతా గడిపిన ఒక పెద్దాయన. హెర్నియా ఆపరేషన్ కోసం వచ్చారు. ఆయన ఊపిరితిత్తుల్లో గని దుమ్ము పేరుకుపోయి ఉండడంతో పూర్తిగా నిద్రపుచ్చడం మంచిది కాదనిపించి, నడుము కింది భాగం మాత్రమే మొద్దుబారేలా వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చాను. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆయన మెలకువగానే ఉంటారు కాబట్టి ధ్యాస మళ్లించడానికి ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండాలి. వరంగల్‌లో వైద్యం చదివే రోజుల్లో కాలేజీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడేవాణ్నని చెప్పి, మీరు చూసినవాళ్లలో గొప్ప గోల్‌కీపర్ ఎవరని అడిగాను. బ్యాంక్స్ అంటారనుకున్నాను. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోకుండా సామ్ హార్డీ అన్నారు. ఎందుకని అడిగితే, నేల మీద పడి బంతి ఆపడం ఆయన దగ్గర నేనెప్పుడూ చూడలేదు, డాక్టర్, అని జవాబిచ్చారు.

ఆ జవాబు నాకు ఎంత వింతగా తోచిందో చెప్పాలంటే నేను ఏ గోల్‌కీపర్లను చూసి పెరిగానో చెప్పాలి. మాది హైదరాబాద్. మా నాన్నగారు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు వీరాభిమాని. 1950 నుంచి 1954 వరకు ఆ జట్టు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన వైనాన్ని ఆయన పండగ పూట కథలా చెప్పేవారు. హైదరాబాద్‌లోనే పుట్టిన పీటర్ తంగరాజ్ ఆ కథల్లో మరో వీరుడు. ఆ ఎత్తు, ఆ చేతుల పొడవు, గోల్‌పోస్ట్ మూలకు పోతున్న బంతి మీదికి ఆయన ఎగిరిన తీరు మా నాన్నగారి మాటల్లో వినీ వినీ, గోల్‌కీపర్ అంటే గాలిలో కనిపించాల్సిన మనిషి అనే నమ్మకం నాలో స్థిరపడిపోయింది. కాలేజీ మైదానంలో అవసరం ఉన్నా లేకపోయినా నేనూ అలాగే ఎగిరేవాణ్ని. అందుకే నేల మీద పడకపోవడం గొప్ప ఎలా అవుతుందో తెలుసుకోవాలన్న పట్టుదల కలిగింది. ఆ పెద్దాయన కోలుకుని ఇంటికి వెళ్లాక ఆదివారాలు ఆయనను చూడడానికి వెళ్లడం, ఆ తర్వాత ఊరి గ్రంథాలయంలో పాత పత్రికల సంపుటాలు తిరగేయడం అలా మొదలయ్యాయి. నా ఇంగ్లండ్ జీవితంలో నేను మళ్లీ మళ్లీ తలచుకునే రోజులు అవే.

హార్డీ పుట్టింది చెస్టర్‌ఫీల్డ్‌ను ఆనుకుని ఉన్న న్యూబోల్డ్‌లో. అక్కడి న్యూబోల్డ్ వైట్ స్టార్ అనే చిన్న జట్టులో ఆడుతున్న ఆ యువకుణ్ని 1903లో చెస్టర్‌ఫీల్డ్ టౌన్ క్లబ్ తీసుకుంది. ఆ క్లబ్ అప్పుడు సెకండ్ డివిజన్‌లో, అంటే లీగ్ రెండో శ్రేణిలో ఉండేది. సాల్టర్‌గేట్‌లోని రిక్రియేషన్ గ్రౌండ్ దాని మైదానం. నేను ఉన్న కాలంలో కూడా ఆ ఊరి జట్టు అదే చోట ఆడేది, నేను వీలున్న శనివారాల్లో వెళ్లి చూసేవాణ్ని. ఏ గోల్‌కు అడ్డంగా హార్డీ నిలబడ్డారో అదే గోల్ వెనక నిలబడి చూస్తున్నానన్న తలపు ఆ చలిలో కూడా నాకు హాయిగా ఉండేది.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది ఒక ఓటమి. 1904-05 సీజన్‌లో లివర్‌పూల్ కూడా సెకండ్ డివిజన్‌లోనే ఉంది, చెస్టర్‌ఫీల్డ్‌ను 6-1 తేడాతో ఓడించింది. ఆరు గోల్స్ ఇచ్చిన గోల్‌కీపర్‌ను గెలిచిన జట్టు మేనేజర్ ఏరికోరి తీసుకువెళ్లడం మామూలుగా జరిగే పని కాదు. కానీ ఆ మేనేజర్ టామ్ వాట్సన్. అంతకుముందు సుందర్‌లాండ్‌ను 1892, 1893, 1895 సంవత్సరాల్లో లీగ్ విజేతగా నిలిపిన మనిషి, లోపలికి వెళ్లిన ఆరు బంతులను కాక, వెళ్లకుండా ఆగిన బంతులను లెక్కపెట్టిన మనిషి. 1905లో హార్డీ లివర్‌పూల్‌కు వెళ్లారు.

అప్పటికి లివర్‌పూల్ గోల్‌లో నెడ్ డోయిగ్ ఉన్నారు. బట్టతల కనిపించకుండా ఎప్పుడూ టోపీ పెట్టుకుని ఆడే డోయిగ్, సుందర్‌లాండ్‌లో వాట్సన్ గెలిచిన లీగ్‌లన్నిటిలో భాగం పంచుకున్న పాతకాపు. కానీ ఫస్ట్ డివిజన్‌లోకి తిరిగి వచ్చిన ఆ సీజన్ ఆరంభంలో జట్టు తడబడింది, డోయిగ్‌కు నలభై దగ్గరపడుతోంది. అక్టోబర్‌లో వాట్సన్ తన పాత స్నేహితుణ్ని పక్కనపెట్టి హార్డీని దింపారు. అక్కడి నుంచి లివర్‌పూల్ నిలదొక్కుకుని, ప్రెస్టన్‌ను 4 పాయింట్ల తేడాతో వెనక్కి నెట్టి, 51 పాయింట్లతో 1905-06 లీగ్ విజేత అయింది. ముందటి ఏడు సెకండ్ డివిజన్ గెలిచిన జట్టు మరుసటి ఏడే ఫస్ట్ డివిజన్ గెలవడం అప్పట్లో ఎంత సంచలనమో ఊహించుకోవచ్చు. అదే ఏడు ఎవర్టన్ ఎఫ్‌ఏ కప్ గెలవడంతో రెండు పెద్ద ట్రోఫీలూ ఒకే నగరానికి చేరాయి. ఆ లివర్‌పూల్ జట్టుకు అలెక్స్ రెయిస్‌బెక్ కెప్టెన్, గోల్స్ కొట్టినవాళ్లు వేరే ఉన్నారు. కానీ జట్టు దశ తిరిగింది గోల్‌కీపర్ మారాకే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నేటి అభిమానులకు ఆనాటి గోల్‌కీపర్ ఉద్యోగం ఏమిటో తెలియజేయడం అవసరం. 1909 వరకు గోల్‌కీపర్ తన జట్టు రంగు జెర్సీలోనే ఆడేవాడు, కాబట్టి లివర్‌పూల్ లీగ్ గెలిచిన సీజన్‌లో హార్డీ కూడా మిగతా పదిమందిలాగే ఎర్ర జెర్సీలోనే ఉన్నారు. 1912 వరకు గోల్‌కీపర్ తన అర్ధభాగంలో ఎక్కడైనా బంతిని చేత్తో పట్టుకోవచ్చు. ఆ ఏడాది నుంచే అది పెనాల్టీ ఏరియాకు పరిమితమైంది. బంతి చేతిలో ఉన్న గోల్‌కీపర్‌ను ఫార్వర్డ్‌లు భుజంతో గుద్ది, బంతితో సహా గోల్‌లోకి నెట్టడం చట్టబద్ధమైన ఆట. తాడుతో బిగించిన తోలు బంతి వానలో నీరు పీల్చుకుని బండలా తయారయ్యేది. దానిని పట్టేవి చాలావరకు వట్టి చేతులే. ఇన్ని కష్టాలకు వారానికి అందే జీతంపై 1901 నుంచి లీగ్ విధించిన గరిష్ఠ పరిమితి 4 పౌండ్లు. ఎంత గొప్ప ఆటగాడైనా క్లబ్ బహిరంగంగా అంతకు మించి ఇవ్వడానికి లేదు.

అలాంటి కాలం కావడం వల్ల గోల్‌లో నిలబడేవాళ్లలో విచిత్రమైన మనుషులు ఎక్కువగా ఉండేవారు, జనం వాళ్లనే గుర్తుపెట్టుకున్నారు. షెఫీల్డ్ యునైటెడ్‌కూ తర్వాత చెల్సీకీ ఆడిన విలియం ఫౌక్ 130 కిలోలకు పైగా బరువుండేవారు, ఆయన కోపం గురించి కథలు కోకొల్లలు. వేల్స్ దేశపు లీ రిచ్మండ్ రూస్ తన అర్ధభాగమంతా బంతిని చేత్తో తట్టుకుంటూ పరుగెత్తి జనాన్ని ఉర్రూతలూగించేవారు. ఇద్దరూ నిజంగా గొప్పవాళ్లే, ఇద్దరూ 1916లోనే పోయారు, రూస్ మొదటి ప్రపంచ యుద్ధంలో సోమ్ యుద్ధభూమిలో. వాళ్ల మీద వ్యాసాలు ఇప్పటికీ వస్తుంటాయి. హార్డీ గురించి చెప్పడానికి అటువంటి కథ ఒక్కటీ లేదు. జనం ఆయనకు పెట్టిన పేరు ‘సేఫ్ అండ్ స్టెడీ సామ్’.

ఆ నెమ్మది వెనక ఉన్న విద్యను నాకు పెద్దాయన ఒక ఆదివారం తన వంటింటి బల్ల మీద రెండు ఉప్పు డబ్బాలు, ఒక కప్పు పెట్టి చూపించారు. గోల్ వెడల్పు 24 అడుగులు. గీత మీదే నిలబడే గోల్‌కీపర్‌కు రెండు పక్కలా 12 అడుగుల ఖాళీ ఉంటుంది. ఫార్వర్డ్ బంతిని కొట్టబోయే క్షణంలో అతని వైపు ఒకటి రెండు గజాలు ముందుకు జరిగితే, కొట్టేవాడి కంటికి ఆ ఖాళీ తగ్గిపోతుంది. కానీ ఎటు జరగాలో, ఎప్పుడు జరగాలో తెలియాలి. ఒక్క అడుగు తొందరపడితే బంతి తల మీదుగా పోతుంది, ఒక్క అడుగు పక్కకు పడితే గోల్ సగం తెరిచి పెట్టినట్టే. హార్డీకి ఆ లెక్క పుట్టుకతో వచ్చిందా, సాధనతో వచ్చిందా అన్నది నాకు అంతుపట్టదు గానీ, ఫార్వర్డ్‌లు ఎంత గురిచూసి కొట్టినా బంతి నేరుగా ఆయన ఛాతీకే వచ్చేదని ఆయనతో ఆడినవాళ్లు చెప్పారు. వారిలో ముఖ్యుడు సుందర్‌లాండ్ ఫార్వర్డ్ చార్లీ బుకన్. తాను ఎదుర్కొన్న గోల్‌కీపర్లందరిలోకీ హార్డీయే గొప్పవాడని, బంతిని అయస్కాంతంలా తన వైపు లాక్కునేవాడని, పొడవునా నేలకు దూకి బంతిని ఆపడం తాను ఎన్నడూ చూడలేదని బుకన్ తర్వాతి కాలంలో రాసుకున్నారు. గ్రంథాలయంలో ఆ మాటలు చదివిన రోజు పెద్దాయన ఆపరేషన్ బల్ల మీద చెప్పిన మాట అక్షరాలా నిజమని తేలి నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

మా వృత్తిలో కూడా అంతే: రోగి సుఖంగా నిద్రలేస్తే మత్తుమందు ఇచ్చినవాడి ముఖం ఎవరికీ గుర్తుండదు. హార్డీ మీద నాకు ఏర్పడిన అభిమానంలో ఆ పోలికకు కూడా కొంత భాగం ఉంది.

లివర్‌పూల్‌లో ఏడు సీజన్లు ఆడి, 1909-10లో ఆ జట్టు లీగ్‌లో రెండో స్థానం సాధించడంలో భాగం పంచుకుని, 1912లో హార్డీ ఆస్టన్ విల్లాకు మారారు. మొదటి సీజన్‌లోనే విల్లా ఎఫ్‌ఏ కప్ ఫైనల్‌కు చేరింది. ఎదురు జట్టు సుందర్‌లాండ్. ఆ ఏడు లీగ్‌లో సుందర్‌లాండ్ మొదటి స్థానం, విల్లా రెండో స్థానం. అంటే దేశంలోని రెండు ఉత్తమ జట్లు కప్ కోసం తలపడ్డాయి. 1913 ఏప్రిల్ 19న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ మైదానానికి లక్షా ఇరవై వేలకు పైగా జనం వచ్చారు. నాకు ఆ మ్యాచ్ గురించి ఎంత చదివినా తనివి తీరదు.

విల్లా ఆటగాడు క్లెమ్ స్టీఫెన్‌సన్ మ్యాచ్ మధ్యలో బుకన్‌తో, నాకు రాత్రి కల వచ్చింది, టామీ బార్బర్ తలతో కొట్టిన గోల్‌తో మేము 1-0తో గెలుస్తాం అని చెప్పాడట. మొదటి అర్ధభాగంలో విల్లాకు పెనాల్టీ వస్తే చార్లీ వాలెస్ బంతిని బయటికి కొట్టాడు. మరోపక్క విల్లా ఫార్వర్డ్ హ్యారీ హాంప్టన్, సుందర్‌లాండ్ హాఫ్‌బ్యాక్ (మధ్య వరుస ఆటగాడు) చార్లీ థామ్సన్ ఒకరి మీద ఒకరు కాలు దువ్వారు. తర్వాత ఇద్దరికీ నెల రోజుల సస్పెన్షన్ పడింది, ఆటను అదుపు చేయలేదని రిఫరీకి కూడా శిక్ష తప్పలేదు. రెండో అర్ధభాగంలో హార్డీ గాయపడి మైదానం వదిలి వెళ్లాల్సి వచ్చింది. బదులు ఆటగాణ్ని దింపే వీలు ఆ రోజుల్లో లేదు. ఇంగ్లండ్ లీగ్‌లో ఆ వీలు 1965లో గానీ రాలేదు. హాఫ్‌బ్యాక్ జిమ్మీ హారప్ గోల్‌లో నిలబడ్డాడు, విల్లా పదిమందితో ఆడింది. హారప్ గోల్ ఇవ్వకుండా కాపాడాడు, కట్టు కట్టించుకుని హార్డీ తిరిగి వచ్చి తన స్థానంలో నిలబడ్డారు, ఆ తర్వాత వాలెస్ కొట్టిన కార్నర్‌ను బార్బర్ తలతో గోల్‌లోకి పంపాడు. విల్లా 1-0తో గెలిచింది. లీగ్, కప్ రెండూ ఒకే ఏడు గెలవాలన్న సుందర్‌లాండ్ ఆశ అలా కూలిపోయింది.

ఈ ఫైనల్ గురించి ఎవరు చెప్పినా స్టీఫెన్‌సన్ కల దగ్గర మొదలుపెట్టి బార్బర్ గోల్ దగ్గర ముగిస్తారు. గాయపడిన కాలితో తిరిగి వచ్చి చివరివరకూ గోల్ కాచిన మనిషి గురించి ఒక్క వాక్యంతో సరిపెడతారు. దానికి నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంగ్లండ్ తరఫున హార్డీ ఆడిన తొలి మ్యాచ్ 1907 ఫిబ్రవరిలో లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో ఐర్లండ్‌తో, 1-0తో గెలిచిన మ్యాచ్. చివరిది 1920 ఏప్రిల్ 10న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో స్కాట్లండ్‌తో. మొత్తం 21 మ్యాచ్‌లు. ఈ సంఖ్య నేటి లెక్కలో చిన్నదిగా కనిపిస్తుంది కానీ, ఆ రోజుల్లో ఏడాదికి ఇంగ్లండ్ ఆడే ముఖ్యమైన మ్యాచ్‌లు ఐర్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లతో మూడే. యుద్ధం వల్ల నాలుగేళ్లు పూర్తిగా పోయాయి. ఆయనను పక్కనపెట్టే సాహసం ఎంపిక చేసేవాళ్లకు చాలా ఏళ్ల పాటు కలగలేదన్న మాట. చివరి మ్యాచ్ మాత్రం ఆయన స్వభావానికి పూర్తిగా విరుద్ధంగా సాగింది. సగం ఆట ముగిసేసరికి స్కాట్లండ్ 4-2తో ముందుంది, చివరకు ఇంగ్లండ్ 5-4తో గెలిచింది. నాలుగు గోల్స్ ఇచ్చిన మ్యాచ్‌తో తన అంతర్జాతీయ ఆట ముగియడం ఆ నెమ్మదైన మనిషికి ఎలా అనిపించి ఉంటుందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఆ తర్వాత రెండు వారాలకే, ఏప్రిల్ 24న చెల్సీ మైదానం స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్‌లో జరిగిన కప్ ఫైనల్‌లో హడర్స్‌ఫీల్డ్‌కు ఒక్క గోల్ కూడా ఇవ్వకుండా, అదనపు సమయంలో బిల్లీ కిర్టన్ గోల్‌తో విల్లా గెలిచినప్పుడు ఆయన రెండో కప్ పతకం అందుకున్నారు.

యుద్ధం ఆయన నుంచి ఏం తీసుకుపోయిందో కూడా చెప్పుకోవాలి. 1915 నుంచి 1919 వరకు లీగ్ ఆగిపోయింది. గోల్‌కీపర్ పండే వయసు ముప్ఫైల మధ్యలోనే అని నా నమ్మకం. హార్డీకి సరిగ్గా ఆ ఏళ్లే పోయాయి. ఆ కాలంలో ఆయన నౌకాదళంలో పనిచేశారు, అతిథి ఆటగాడిగా నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు ఆడారు. అలా కుదిరిన అనుబంధం వల్లే కాబోలు, 1921లో విల్లాను వదిలి ఫారెస్ట్‌లో చేరారు. సెకండ్ డివిజన్ క్లబ్ నలభైకి దగ్గరపడిన గోల్‌కీపర్‌ను తీసుకోవడం చూసి చాలామంది పెదవి విరిచి ఉంటారు. మొదటి సీజన్‌లోనే ఫారెస్ట్ డివిజన్ గెలిచి పైకి వెళ్లింది.

మా పెద్దాయన హార్డీని చూసింది అప్పుడే. పన్నెండేళ్ల పిల్లవాడిగా తండ్రి చేయి పట్టుకుని, గని షిఫ్ట్ లేని శనివారాల్లో రైలెక్కి నాటింగ్‌హామ్ వెళ్లి సిటీ గ్రౌండ్‌లో గోల్ వెనక నిలబడేవారట. మన ఊరివాడు, కళ్లు ఆర్పకుండా చూడు అని తండ్రి చెప్పేవారట. పిల్లవాడికి మొదట్లో విసుగు పుట్టింది, ఎందుకంటే చూడడానికి ఏమీ జరిగేది కాదు. బంతి వచ్చేది, చేతుల్లో పడేది, మళ్లీ మైదానంలోకి పోయేది. బంతిని చూడకు, సామ్ కాళ్లను చూడు అని తండ్రి చెప్పాకే అసలు ఆట కనిపించిందని, షాట్ పడకముందే ఆ కాళ్లు చిన్న చిన్న అడుగులతో కదిలి సిద్ధంగా ఉండేవని ఆయన చెబుతుంటే నేను నా కాలేజీ రోజులను మరోసారి నెమరువేసుకున్నాను. ఈ మాట నాకు ఇరవై ఏళ్ల వయసులో ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

1924-25 సీజన్‌లో గాయపడి, నలభై దాటాక, దాదాపు 550 లీగ్ మ్యాచ్‌లు ఆడి హార్డీ ఆట మానేశారు. ఆ తర్వాత ఆయన చెస్టర్‌ఫీల్డ్ ప్రాంతంలోనే హోటల్ నడుపుతూ గడిపారు, 1966 అక్టోబర్ 24న కన్నుమూశారు. అంతకు మూడు నెలల కిందటే వెంబ్లీలో గోర్డన్ బ్యాంక్స్ ప్రపంచ కప్ గెలిచారు.

ఒకసారి నేను పెద్దాయనను ఇరకాటంలో పెట్టాను. 1970 ప్రపంచ కప్‌లో పెలె తలతో కొట్టిన బంతిని బ్యాంక్స్ కింది నుంచి పైకి ఎగరగొట్టిన తీరు లోకమంతా చూసింది, హార్డీ ఆపిన అటువంటి బంతిని ఒక్కదాన్ని చెప్పండి అన్నాను. ఆయన చాలాసేపు ఆలోచించి, ఒక్కటి కూడా గుర్తులేదు, అందుకే ఆయన పేరు చెబుతున్నాను అన్నారు. ఆ తర్వాతి వారం నేను గ్రంథాలయానికి వెళ్లి 1921-22 సెకండ్ డివిజన్ పట్టిక తీసి చూశాను. విజేత అయిన ఫారెస్ట్ కొట్టిన గోల్స్ 42 మ్యాచ్‌ల్లో 51 మాత్రమే. ఇచ్చిన గోల్స్ 30. ఆ కాగితాన్ని నకలు తీయించి పెద్దాయనకు ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని, ఆ 30 అన్న అంకె కింద పెన్సిల్‌తో గీత గీసి, దానిని మనవడికి చూపించడానికి దాచుకున్నారు.